ఎలుకలే కొరికాయి

ప్రిన్సిపాలు గారి కారు మొరాయించడానికి మంచి రోజే చూసుకుంది. ఆయన పనిచేసి రిటైరైన కాలేజీలో లైబ్రరీ గదికి ఆయన పేరు పెడుతున్నారు. ఆయన కోటు తొడుక్కుని, జేబులో ఉపన్యాసం పెట్టుకుని సెల్లారులోకి దిగారు. వెనకసీట్లో ఎడమవైపు, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుని "ఊఁ, పోనీ" అన్నారు. డ్రైవరు తాళంచెవి తిప్పాడు. కారు ఉలకలేదు, పలకలేదు. మళ్ళీ తిప్పాడు. డాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. అద్దెకారు పిలిపించి, అది దారి తప్పి, ఆయన కాలేజీ చేరేసరికి రిబ్బను కత్తిరించడం అయిపోయింది. కత్తిరించినవాడు ఆయన తర్వాత ఆ కుర్చీ ఎక్కినవాడు, ఆయనకి బొత్తిగా గిట్టనివాడు.

ఆ కోపం ఎవరి మీదో ఒకరి మీద చూపించాలి కదా. కారు మీద చూపిద్దామంటే దానికి చెవులు లేవు. డ్రైవరుకి రెండున్నాయి.

ఆ డ్రైవరుని తోటి డ్రైవర్లు సైలెన్సరు అంటారు. హారను కొట్టడు, ఎదురు చెప్పడు, ఎవరైనా నాలుగు తిట్టినా "సరే సార్" తప్ప ఇంకో మాట రాదు. ప్రిన్సిపాలు గారి దగ్గర చేరేనాటికి అతనికి పెళ్ళి కాలేదు. ఇప్పుడు కూతురు కాలేజీ మెట్లెక్కింది. ఇన్నేళ్ళలో ఆయన కార్లు మార్చారు గానీ డ్రైవరుని మార్చలేదు. ఏ కారుకీ ఒక్క గీత పడలేదు, అతని పేరుకీ పడలేదు. ఆస్తి అని చెప్పుకోవడానికి అతనికున్నది ఆ పేరే.

ఆయన రిటైరయ్యాక కారుకి పని తగ్గింది. పదిహేను రోజులకోసారి బయటికి తీస్తే గొప్ప. అయినా డ్రైవరుని మానిపించలేదు. "మా డ్రైవరుకి చెబుతాను" అనే మాట నోట్లో ఆడుతున్నంతకాలం ఆయనకి ఇంకా తను ప్రిన్సిపాలే అనిపించేది. అతను రోజూ పొద్దున్నే వచ్చి, తుడిచిన కారునే మళ్ళీ తుడిచి, అమ్మగారు చెప్పిన చిల్లర పనులు చేసి, ఎప్పుడు పిలుస్తారోనని సాయంత్రం దాకా సెల్లారులో కాచుకుని ఉండేవాడు.

చిక్కల్లా మధ్యాహ్నం అన్నం దగ్గరే. కాలేజీ రోజుల్లో డ్రైవర్లందరూ క్యాంటీను వెనక బల్ల మీద కూర్చుని, ఒకరి డబ్బాలోది ఒకరు లాక్కుని తినేవాళ్ళు. ఈ సెల్లారులో ఆ వసతి ఎక్కడిది? మొదట్లో మెట్ల మీద కూర్చుని తిన్నాడు. అపార్టుమెంటు కమిటీవాళ్ళు 'డ్రైవర్లు, పనివారు మెట్ల మీద కూర్చోరాదు' అని బోర్డు పెట్టారు. కొన్నాళ్ళు వాచ్‌మన్ గదిలో తిన్నాడు. వాచ్‌మన్ పెళ్ళాన్ని తెచ్చుకున్నాక ఆ గదిలో వాళ్ళిద్దరికే చోటు చాలలేదు. ఓ రోజు పైకి వెళ్ళి, గుమ్మం బయట నిలబడి, అన్నం ఎక్కడ తినమంటారని అమ్మగారినే అడిగాడు. "ఎక్కడో ఒకచోట కానిచ్చెయ్ నాయనా" అని ఆవిడ తలుపేసుకున్నారు.

ఆ ఎక్కడో ఒకచోటు వెతగ్గా వెతగ్గా కారులోనే దొరికింది. పైనుంచి పడేసిన పాత పేపరు ఒళ్ళో పరుచుకుని, డబ్బా దాని మీద పెట్టుకుని, కింద మెతుకు పడకుండా తినేవాడు. పడలేదనే అతని నమ్మకం. ఒకసారి అమ్మగారు కారులో మర్చిపోయిన కళ్ళద్దాల కోసం దిగొచ్చి అతన్ని చూశారు. అతను ముద్ద నోట్లో పెట్టుకుని లేవబోతే "తిను, తిను, లేవకు" అని, కళ్ళద్దాలు తీసుకుని వెళ్ళిపోయారు. దాంతో అతనికున్న ఆ కాస్త బెరుకూ పోయింది.

ఇక కారు సంగతి. సన్మానం చెడిన మర్నాడు మెకానిక్కు వచ్చి, బానెట్ ఎత్తి, లోపలికి చెయ్యి దూర్చి నాలుగు వైరుముక్కలు లాగాడు.

"ఎలుక కొరికింది సార్. కదలని కారు కదా, దాన్ని అడిగేవాడుండడు, అదిలించేవాడుండడు."

"వైరులో ఏముందని తింటుందయ్యా?" అన్నారు ప్రిన్సిపాలు గారు.

"తినదు సార్, ఊరికే కొరుకుతుంది. దాని పళ్ళు పెరుగుతూనే ఉంటాయి. ఏదో ఒకటి కొరక్కపోతే దానికి నిద్ర పట్టదు."

కొత్త వైర్లు వేసి, ఇంజను పక్కన కలరా ఉండలు మూటకట్టి వేలాడదీసి వెళ్ళాడు. ఎలుకలకి ఆ వాసన నచ్చినట్టే ఉంది. నెల తిరక్కుండా మళ్ళీ అదే తంతు. ఈసారి అమ్మగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. అల్లుడుగారు కూడా వచ్చి ఉన్నారు.

అల్లుడుగారిది బీమా కంపెనీలో ఉద్యోగం. ఇల్లు కాలిపోయిందని ఏడుస్తూ వచ్చినవాడిని ముందు అగ్గిపెట్టె ఎక్కడ కొన్నావని అడగడం ఆయన పని. తెగిన వైరుని ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని, ఫోను లైటు వేసి, అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది పంటిగాటా మామయ్యగారూ? ఇంత నున్నగానా? బ్లేడు పెట్టి కోసినట్టు లేదూ?"

"మెకానిక్కు ఎలుకన్నాడే."

"అనక ఏం చేస్తాడు? మా దగ్గరికి ఇలాంటివి కుప్పలు తెప్పలుగా వస్తాయి. డ్రైవరు కోస్తాడు, మెకానిక్కు అతుకుతాడు, ఇద్దరూ కలిసి పంచుకుంటారు. మధ్యలో ఎలుకకి చెడ్డపేరు."

ఇదంతా డ్రైవరు పక్కన నిలబడి ఉండగానే. అతను భుజం మీది తుడుపుగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. సెల్లారులో గాలాడదు, చెమట పట్టింది, అంతే. అల్లుడుగారు నవ్వి, "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకుంటున్నాడు, చూడండి" అన్నారు. సామెత చెప్పడం తేలికే. విన్నవాడికి ఆ రాత్రి ముద్ద దిగలేదు.

మర్నాడు ప్రిన్సిపాలు గారు అతన్ని పైకి, తన గదిలోకి పిలిచి తలుపు వేశారు.

ఆ తలుపు వెయ్యడంలోనే ఉంది ఆయన విద్యంతా. కాలేజీలో కిటికీ అద్దం పగిలితే ఎవడు పగలగొట్టాడని ఆయన ఆరా తీసేవారు కాదు. అనుమానం వచ్చిన కుర్రాడిని పిలిచి, తలుపేసి, "ఒప్పుకో, వదిలేస్తాను" అనేవారు. వాడు కాసేపు గింజుకుని ఒప్పుకునేవాడు. ఆయన క్షమించేవారు. ఎవరినైనా క్షమించిన రోజు ఆయనకి రెండు ముద్దలు ఎక్కువ పోయేవి. అలా ఒప్పుకున్నవాళ్ళలో నిజంగా అద్దాలు పగలగొట్టినవాళ్ళు ఎందరో ఆయనకి తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు.

"కూర్చో" అన్నారు. ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆ మాట వినడం అదే మొదలు. అతను కూర్చోలేదు.

"చూడయ్యా. నేను పోలీసుల్ని పిలవను, జీతంలో కొయ్యను. 'చేశాను సార్, బుద్ధి గడ్డి తింది' అని ఒక్క మాట అను. నువ్వు ఈ గడప దాటేసరికి నేను మర్చిపోతాను. ఎప్పటిలాగే రేపు పనికి రా."

"నేను చెయ్యలేదు సార్. ఎలుకలే కొరికాయి."

"తొందరేం లేదు, ఆలోచించుకో. ఆదివారం అల్లుడు మళ్ళీ వస్తాడు. ఆలోపు ఒప్పుకున్నావా, ఉంటావు. ఎలుకే అంటావా, ఆ ఎలుకేదో నాకు చూపించు. రెండూ కాదంటే మాత్రం నేనేం చెయ్యలేను."

ఆయన మొహంలో కోపం మచ్చుకైనా లేదు. అదే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. తిట్టినా బాగుండేది. ఆయన అప్పటికే క్షమించేసి కూర్చున్నారు, తప్పు చెయ్యడమే ఇతని వంతుగా మిగిలింది.

అతని భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆమె మాట్లాడితే నాలుగిళ్ళ అవతలికి వినపడుతుంది. దేవుడు మొగుడికి మిగిల్చిన గొంతు కూడా ఆమెకే ఇచ్చాడని చుట్టుపక్కలవాళ్ళు అంటారు. జరిగింది చెప్పి, "ఒప్పేసుకుంటే పోదా అనిపిస్తోందే" అన్నాడు. "ఒక్క మాటే కదా. ఆయన మర్చిపోతానంటున్నాడు."

కుట్టుమిషను ఆగిపోయింది.

"ఆయన మర్చిపోతాడయ్యా. నేను మర్చిపోతానా? రేపు నీ కూతురు ఏదైనా ఆఫీసులో చేరితే, ఈ పిల్ల నాన్న కారు వైర్లు కోసేవాడట అనరా? మనకి ఉన్నదే ఆ పేరొకటి. దాన్ని కూడా పట్టుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టేసొస్తావా?"

"ఉద్యోగం పోతేనో?"

"పోతే పోనీ. నా కాళ్ళు ఆడుతున్నాయి, మిషను ఆడుతోంది. చెయ్యని తప్పు ఒప్పుకుని తెచ్చే కూడు నాకొద్దు, నా కూతురికీ వద్దు. పో, ఆ ఎలుకని పట్టుకో. తోక పట్టి తీసుకెళ్ళి ఆయన ముందు ఆడించు."

అతను నవ్వాడు. మర్నాడు ఎలుకబోను పట్టుకుని పనికి వెళ్ళాడు.

బోనులో రొట్టెముక్క గుచ్చి ఇంజను పక్కన పెడితే, పొద్దుటికి రొట్టె లేదు, ఎలుక లేదు, బోను తెరిచింది తెరిచినట్టే ఉంది. జిగురు అట్ట పెడితే దానికి వాచ్‌మన్ చెప్పు అంటుకుంది. వాచ్‌మన్ దాన్ని పీక్కుంటూ, "కొండను తవ్వి ఎలుకని పట్టినవాళ్ళ గురించి విన్నాను గానీ, ఎలుక కోసం కారు తవ్వేవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు. ఇంత వెతుకుతున్నవాడు కూడా మధ్యాహ్నమయ్యేసరికి మామూలుగా అదే సీట్లో కూర్చుని, అదే పేపరు పరుచుకుని అన్నం తిన్నాడు. అలవాటైన పని మనిషి కళ్ళకి కనపడదు.

శుక్రవారం అలాగే తింటూ ఉండగా వెనకనుంచి చిన్న చప్పుడు వినిపించింది. నమలడం ఆపాడు. కిచకిచమంటూ సన్నగా, ఆగి ఆగి, ఒకటి కాదు, నాలుగైదు గొంతులు. చెయ్యి కడుక్కుని, వెనక తలుపు తీసి, సీటుకి చెవి ఆనించాడు. ఎడమవైపు సీటు కిందే. కింద పరిచిన పట్టా ఎత్తి చూస్తే నల్లటి పెంటికలు కూడా కనిపించాయి. అతనికి ఒళ్ళంతా పులకరించింది. ఎలుకపెంటని చూసి అంత సంతోషించిన మనిషి ఆ సెల్లారులో అంతకుముందు లేడు.

వాచ్‌మన్‌ని పిలిచి వినిపించాడు. వాచ్‌మన్ వెంటనే చొక్కా చేతులు పైకి మడిచాడు.

"పట్టు, సీటు ఎత్తేద్దాం."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"ఇప్పుడు మనం ఎత్తామనుకో, ఆ అల్లుడు ఊరుకోడు. మనమే తెచ్చి పెట్టామంటాడు. ఆదివారం అందరి ముందూ మెకానిక్కు చేతే ఎత్తించాలి. నేను చెయ్యి కూడా వెయ్యకూడదు."

"లోపలేముందో చూడకుండా పదిమందినీ పిలుస్తావా? ఒకసారి చూసుకుని మళ్ళీ మూసేద్దాం, ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా" అన్నాడు.

తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. ఈ తెలివితక్కువ పని మాత్రం నిజాయితీపరుడు తప్ప ఇంకొకడు చెయ్యలేడు. అదే దొంగైతే ముందు తను చూసుకుని, సర్దవలసింది సర్ది, ఆ తర్వాత జనాన్ని పిలిచేవాడు.

ఆదివారం అందరూ దిగారు. ప్రిన్సిపాలు గారు, అమ్మగారు, అల్లుడుగారు. పై అంతస్తుల వాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా వినోదం చూడటానికి నిలబడ్డారు. డ్రైవరు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కారుకి రెండు బారల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మెకానిక్కు సీటు కింద వేళ్ళు దూర్చి, కొక్కేలు వదిలించి, ఒక్క ఊపున పైకెత్తాడు.

సీటులోని స్పాంజి సగం లేదు. ఆ స్పాంజి పీచు, నలుపూ ఎరుపూ పసుపూ వైరుతొక్కలు, చింపిన కాగితం కలిపి పక్షి కట్టినంత శ్రద్ధగా కట్టిన గూడు. దాని మధ్యలో కళ్ళు తెరవని గులాబిరంగు పిల్లలు. తల్లి ఎలుక ఒక్క గెంతు గెంతి, అల్లుడుగారి బూటు మీదుగా దూకి, చెత్తడబ్బాల వైపు పారిపోయింది. బీమా కంపెనీ అంతా ఒక్కసారి అరిచినట్టు అరిచారాయన.

"చూశారా సార్! ఎలుకలే!" అన్నాడు డ్రైవరు. ఆ గొంతు సెల్లారు నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. తనకి అంత గొంతుందని అతనికే తెలియదు. వాచ్‌మన్ చప్పట్లు కొట్టాడు.

"ఎలుకలేనయ్యా. నిన్ను అనవసరంగా..." అంటూ ప్రిన్సిపాలు గారు అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయారు. వెయ్యలేదు. ఆయన చూపు గూటి మీద ఆగిపోయింది. వంగి, ఒక కాగితం పీలికని వేలి కొసలతో పైకి తీశారు. దాని మీద ఎర్ర సిరా గీత ఉంది. ఆయన రోజూ పేపరుని ఎర్రపెన్ను పట్టుకుని చదువుతారు, నచ్చని మాట కనిపిస్తే అక్కడికక్కడే కొట్టేస్తారు.

"ఇది నా పేపరు" అన్నారు.

అప్పుడు అందరూ వంగి చూశారు. ఎండిపోయిన మెతుకులు. రొట్టె అంచులు. గుడ్డు పెంకు. చీకేసిన ఎముకముక్క.

"ఇవన్నీ నా సీటు కిందికి ఎలా వచ్చాయి?"

అబద్ధం చెప్పడానికి కాస్త వ్యవధి కావాలి, అతనికి అబద్ధం చెప్పాలనే తోచలేదు. "మధ్యాహ్నం అన్నం కారులోనే తింటాను సార్. ముందు సీట్లో, పేపరు పరుచుకుని."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మీరు రిటైరైన కొన్నాళ్ళ తర్వాత్నుంచీ సార్."

గుడ్డు పెంకు అతనిది కాదు, ఎముక అసలే కాదు. అవి మూలనున్న చెత్తడబ్బాల్లోంచి, ఇప్పుడు ముక్కులు మూసుకుని చూస్తున్న ఆ పై అంతస్తుల వంటిళ్ళలోంచి వచ్చినవే. కానీ ఏ మెతుకు ఎవరిదో విడదీసి చెబితే వినే ఓపిక అక్కడ ఎవరికుంది? అతను అమ్మగారి వైపు చూశాడు. ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకున్నారు.

"అదేమిటి నాయనా, కారులో అన్నం తింటారా ఎవరైనా? ఒక్క మాట చెబితే ఎక్కడైనా చోటు చూపించేదాన్ని కదా" అన్నారు.

అతను ఒక అడుగు ముందుకేశాడు. నోరు తెరిచాడు. ఆవిడ కళ్ళు మొగుడి వైపు ఒకసారి, అల్లుడి వైపు ఒకసారి తిరిగి, అతని మీదికి వచ్చి బతిమాలుతున్నట్టు నిలిచాయి. అతను నోరు మూసుకున్నాడు. ఆవిడని నలుగురిలో అబద్ధాలకోరుని చెయ్యడం అతనికి చేతకాలేదు. ఆవిడకి చేతనయింది.

ప్రిన్సిపాలు గారు రుమాలు తీసి వేళ్ళు తుడుచుకుంటున్నారు. తుడిచిన వేళ్ళనే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నారు.

"నువ్వు నిజంగా వైర్లు కోసి ఉంటే క్షమించేవాణ్ణి. మనిషన్నాక ఆశ ఉంటుంది. కానీ ఇదేమిటయ్యా? ఇంత కుళ్ళు నా కింద పెంచి, దాని మీద నన్ను కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పావా?"

"తప్పయిపోయింది సార్. ఇంకెప్పుడూ తినను."

చెయ్యని తప్పుకి వారం ముందే క్షమ తయారుచేసి పెట్టుకున్న మనిషి, చేసిన తప్పు ఒప్పుకుంటే మాత్రం మొహం తిప్పుకున్నారు. "తాళంచెవి వాచ్‌మన్‌కి ఇచ్చెయ్" అని లిఫ్టు వైపు నడిచారు.

"నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను కదా మామయ్యగారూ," అన్నారు వెనకాలే నడుస్తూ అల్లుడుగారు. "ఎటు తిరిగినా చివరికి డ్రైవరు దగ్గరికే వస్తుందని." మెకానిక్కు గూడునీ పిల్లల్నీ చేటలోకి ఎత్తి చెత్తడబ్బాలో పారేశాడు.

ఆ రోజు ఇంటికెళ్ళి చెబితే భార్య అమ్మగారిని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. తర్వాత, "పోతే పోయింది. దొంగవి కాదని తేలింది కదా, అది చాలు" అంది. అతనూ అదే అనుకున్నాడు. నిజం తన వైపు ఉంది, డ్రైవింగు చేతిలో ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాడు.

వెళ్ళిన ప్రతిచోటా అడిగిన మొదటి ప్రశ్న ఒకటే. అంతకాలం ఉన్న చోట ఎందుకు తీసేశారు? కారులో అన్నం తిన్నానని, అని చెప్పేవాడు. విన్నవాళ్ళు అతని మొహం వంక చూసేవాళ్ళు. స్కూలు వ్యాన్లు నడిపే ఒకావిడ మొహమాటం లేకుండా అనేసింది: "అన్నం తిన్నందుకు ఎవరైనా మనిషిని తీసేస్తారా బాబూ? చెప్పేదేదో నమ్మేలా చెప్పు." ఆమెని తప్పుపట్టడానికేముంది? అతనికీ అదే ఆశ్చర్యంగా ఉండేది.

కొందరు ప్రిన్సిపాలు గారికి ఫోను చేసి అడిగారు. ఆయన "అతని గురించి మాట్లాడటం నాకిష్టం లేదు" అని పెట్టేసేవారు. పెద్దమనిషి కదా, ఒకరి గురించి చెడు చెప్పరు. ఆయన చెప్పకుండా వదిలేసిన ఖాళీని ఎవరికి తోచిన దొంగతనంతో వాళ్ళు నింపుకున్నారు. తోటి డ్రైవర్లు కూడా కనిపిస్తే మాట మార్చేవాళ్ళు. వైర్లు కోశాడనే పుకారు సెల్లారు నుంచి సెల్లారుకి పాకింది. ఎలుకలు దొరికాయనే మాట మాత్రం ఆ ఒక్క సెల్లారు దాటి బయటికి రాలేదు.

ఇంట్లో మిషను పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగడం లేదు. భార్య మెడ తిప్పలేక, వెనక్కి చూడాలంటే మనిషంతా తిరుగుతోంది. అయినా ఒక్కరోజు కూడా అతన్ని ఒక మాట అనలేదు. అంటే బాగుండునని అతనికి అనిపించేది.

చివరికి ఒక ట్రావెల్సు ఓనరు పిలిచాడు. అద్దాల గది, బయట వరసగా కడిగిన కార్లు. ఓనరు కుర్చీలో వెనక్కి వాలి అదే ప్రశ్న అడిగాడు, అతను అదే జవాబు చెప్పాడు.

"అన్నం తిన్నావని తీసేశారా?"

"అవున్సార్."

"నా చెవిలో పువ్వు కనిపిస్తోందా?"

అతను అద్దాల్లోంచి బయట వరసగా ఉన్న కార్ల వైపు చూశాడు.

"చూడు, డ్రైవర్లతో నెత్తి నెరిసినవాణ్ణి. నాకు పత్తిత్తులు వద్దు. తప్పు చెయ్యనివాడు ఎవడికీ భయపడడు, రేపు నా మీదికే లేస్తాడు. చేసి ఒప్పుకున్నవాడైతే జుట్టు నా చేతిలో ఉంటుంది, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు. నాకు కొంత తెలుసులే, అంతా నీ నోటితో విందామని అడుగుతున్నా. నిజం చెప్పి తాళంచెవి తీసుకో. లేదంటే వచ్చిన దారినే వెళ్ళు."

వచ్చిన దారి ఎంత దూరమో అతనికి తెలుసు, నడిచే వచ్చాడు. ఇంతకాలం కాపాడుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"వైర్లు కోశాను సార్" అన్నాడు.

"ఒక్కడివేనా?"

"మెకానిక్కూ నేనూ కలిసి."

పాపం ఆ మెకానిక్కు ఏం చేశాడు? ఎలుకన్నాడు, ఎలుకనే చూపించాడు. అతని పేరు కూడా ఇతని పేరుతో పాటే పోయింది.

"ఎలుకల మీదికి తోసేశారా?"

"తోసేశాం సార్."

"నమ్మారా వాళ్ళు?"

"నమ్మారు సార్."

ఓనరు బల్ల చరిచి నవ్వాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుని, "చూశావా, నిజం చెబితే ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. సొరుగులోంచి తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, రేపు పొద్దున్నే రమ్మన్నాడు.

ఇంటికి వచ్చేసరికి భార్య మిషను ముందు నుంచి లేచి ఎదురొచ్చింది. చేతిలో తాళంచెవి చూసి ఆమె మొహం విప్పారింది.

"ఎందుకు మానేశావని అడగలేదా?"

"అడిగాడు."

"ఏం చెప్పావు?"

"జరిగింది చెప్పాను."

"నమ్మాడా?"

"నమ్మాడు."

ఆమె గుమ్మంలోకి వెళ్ళి, పక్కింటికీ ఆ పక్కింటికీ వినపడేలా పిలిచి చెప్పింది, మొగుడికి పని దొరికిందని, జరిగింది జరిగినట్టు చెప్పే తెచ్చుకున్నాడని. లోపల చదువుకుంటున్న కూతుర్ని కేకేసి, మీ నాన్నని చూసి నేర్చుకోవే అంది. వెనక్కి వచ్చి, నొప్పిమెడ పట్టుకునే నవ్వుతూ అతని ముందు నిలబడింది.

"నిజం నిలకడ మీద తెలుస్తుందని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?"

"ఊరికే అనలేదే" అన్నాడు అతను. కూతురు వచ్చి ఎదురుగా నిలబడేలోపు పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, చాలాసేపు మొహం కడుక్కున్నాడు.